కంచెను నమ్ముకున్న తీగ

తిరువళ్ళూరు రైల్వేస్టేషన్‌కు ఆనుకుని ఉండే ఊరు మణవాళనగర్. తెల్లవారుజామున చెన్నై లోకల్ అందుకుని రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగులు, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు కార్మికులను తీసుకుపోయే బస్సులు, కూవం ఏరు, ఏడాదికేడాది పొలాల్లోకి జరుగుతున్న ఇళ్ళ స్థలాలు. అడవి మొక్క గురించి చెప్పడానికి ఇలాంటి చోటు నుంచి బయల్దేరడం వింతగా తోచవచ్చు. అయితే ఈ అధ్యాయంలోని తీగ నడి అడవిలో ఉండే రకం కాదు. పొలానికీ బాటకీ నడుమ, కొండకీ ఊరికీ నడుమ, చెరువుకట్టకీ మడికీ నడుమ మిగిలిపోయిన ముళ్ళకంప దాని సొంత చోటు. మణవాళనగర్ దాటి పడమరగా తిరుత్తణి వైపు వెళ్ళినా, ఉత్తరంగా పూండి చెరువు మీదుగా గుడియం గుట్టల వైపు వెళ్ళినా, అలాంటి కంచెలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి.

తెలుగులో దీన్ని అడవినాభి అంటారు, అగ్నిశిఖ అంటారు. తమిళులకు సెంగాందళ్, కార్తిగైప్పూ. దుంప నాగలిలా వంగి ఉంటుంది కాబట్టి కలప్పై కిళంగు అని కూడా అంటారు. తెలుగువాళ్ళ నోట అదే కలప్పగడ్డ అయింది. శాస్త్రనామం గ్లోరియోసా సుపర్బా. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, ఆఫ్రికాలోని జింబాబ్వేకు జాతీయ పుష్పం. దక్షిణాఫ్రికా మొదలుకొని మడగాస్కర్, భారతదేశం, శ్రీలంక, బర్మా మీదుగా దక్షిణ చైనా దాకా ఉష్ణ, ఉప ఉష్ణ మండలాల్లో ఇది సహజంగా పెరుగుతుంది. ఇంత పెద్ద భూభాగంలో ఎక్కడ చూసినా దాని ఇష్టం ఒకటే: కాళ్ళకు నీడ, తలకు ఎండ, మధ్యలో పట్టుకోవడానికి సన్నని పుల్లలు.

ఈ మూడూ ఒక్కచోట దొరకడం కష్టం. దట్టమైన అడవిలో నీడ ఉంటుంది కానీ ఎండ పైకొమ్మల దగ్గరే ఆగిపోతుంది. పైగా ఆ చెట్ల మాను ఈ తీగ పట్టుకు అందనంత లావు. బయలులో ఎండకు కొదవ లేదు, ఆసరా లేదు. మూడూ కలిసి దొరికేది అడవి అంచున, లేదా మనిషి నాటిన కంచెలో. తిరువళ్ళూరు, తిరుత్తణి, సత్యవేడు, నాగలాపురం పట్టీ అంతా ఇలాంటి అంచులే. తూర్పున సముద్రం వైపు పోతే కోరమాండల్ తీరానికే ప్రత్యేకమైన పొట్టి సతతహరిత అడవి; అందులో బాగా మిగిలిన తునకల్లో ఒకటి శ్రీహరికోటలో ఉంది. పడమర పోతే తూర్పు కనుమల చివరి గుట్టలు. నడుమ ఎర్రగులకరాళ్ళ నేల. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అత్తిరంపాక్కం దగ్గర ఆదిమానవుల రాతి పనిముట్లు ఏరింది ఈ నేలలోనే. పొద నీడన ఆకులు రాలి కుళ్ళితే, నీరు నిలవని ఈ గులకనేల కూడా దుంపజాతి మొక్కకు బాగా అనువుగా మారుతుంది.

ఈ వైపు ఏ ముదురు కంచెనైనా కాసేపు నిలబడి చూడండి. బలుసు, కలివి, పరికి ముళ్ళు ఉంటాయి. వాటి సందుల్లో వావిలి, తంగేడు, బందారు లేస్తాయి. వీటి మీద పాకేవి మరికొన్ని: నల్లేరు, గురివింద, తిప్పతీగ, దొండ, బుడ్డకాకర, పిల్లిపీచర, సుగంధిపాల. ఒక్కొక్క తీగ పైకి పోయే పద్ధతి ఒక్కొక్కటి. గురివింద, తిప్పతీగ తమ కాండాన్నే పుల్ల చుట్టూ మెలితిప్పుతాయి. దొండ, నల్లేరు, బుడ్డకాకర అచ్చంగా పట్టుకోవడానికే నులితీగలు తయారుచేసుకుంటాయి. పిల్లిపీచర వంకీ ముళ్ళు వేసి ఆనుకుంటుంది. అడవినాభికి విడిగా నులితీగ లేదు, మెలితిరిగే కాండమూ లేదు. అది ఆకు కొసతో పట్టుకుంటుంది.

ఒక ఆకును దగ్గరగా చూద్దాం. తొడిమ లేకుండా కాండానికి నేరుగా అతుక్కుని ఉంటుంది. జానెడు లోపు పొడవు, రెండు మూడు వేళ్ళ వెడల్పు. వెదురాకులో మాదిరి ఈనెలు బారుగా, ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. ఆకు పలక సన్నబడి అయిపోయిన తరువాత కూడా నడిమి ఈనె ఆగదు. పచ్చని దారమంత సన్నగా ముందుకు సాగి, కొసన కిందికి వంగి కొక్కెం అవుతుంది. ఆ కొక్కెం లోపలి అంచుకు స్పర్శ తెలుస్తుంది. ఒక బలుసు రెమ్మ దానికి తగిలితే, తగిలిన వైపు పెరుగుదల మందగించి, వెలుపలి వైపు సాగి, కొక్కెం మెల్లగా రెమ్మ చుట్టూ చుట్టుకుంటుంది. చుట్టుకున్నాక గట్టిపడుతుంది. ఆ తరువాత గాలి వీస్తే రెమ్మతోపాటు తీగా ఊగుతుంది తప్ప ఊడదు.

ఈ కొక్కెం పనిని చార్లెస్ డార్విన్ చాలా ఓపికగా గమనించాడు. ఒంట్లో బాగాలేక మంచం పట్టిన రోజుల్లో ఇంట్లో కుండీల్లో తీగమొక్కలు పెంచి, వాటి కదలికలు రాసుకుని, 1865లో లిన్నేయన్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసంగా వేయించాడు. తీగలను అతను కాండంతో చుట్టుకునేవి, ఆకులతో ఎక్కేవి, నులితీగలవి, కొక్కేలతోనో వేళ్ళతోనో పాకేవి అని విడదీశాడు. గ్లోరియోసా ఆకులతో ఎక్కేవాటిలో చేరింది. ఆసరా దొరకని ఒక ఆకు కొక్కెం 33 రోజుల పాటు తెరుచుకునే ఉందని డార్విన్ నమోదు చేశాడు. చివరి వారంలో మాత్రం అది లోపలికి ముడుచుకోసాగింది. ఎప్పటికీ ఏదీ తగలకపోతే చివరకు చిన్న గుండీలా చుట్టుకుపోతుంది. ఇంకో సంగతి: మొలక తొలి ఆకులకు ఈ కొక్కెం ఉండదు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు మొక్క తన కాండం బలం మీదే నిలుస్తుంది. నిలవలేనంత ఎత్తుకు వచ్చాకే కొక్కేలు వేయడం మొదలుపెడుతుంది.

అంటే ఈ మొక్కకు కావలసిన ఆసరా ఎలా ఉండాలో ముందే నిర్ణయమైపోయింది. ఆ కొక్కెంలో పుల్ల పట్టాలి, తీగె పట్టాలి. వేపమాను పట్టదు. సిమెంటు గోడ పట్టదు. నున్నటి రాతి కడ్డీ పట్టదు. బలుసు, కలివి, పరికి వంటి పొదల సన్నరెమ్మలు మాత్రం దానికోసమే కొలిచి చేసినట్టు సరిపోతాయి. కంచె లేనిచోట ఈ తీగ ఎందుకు కనబడదో అర్థం చేసుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఆధారం లేదు.

నేలలో ఉన్న దుంప కథ కూడా కంచెతోనే ముడిపడి ఉంది. అడవినాభి ఏడాదిలో సగం కాలం భూమి పైన కనబడదు. వానలకు ముందు మొలక లేస్తుంది, తీగ సాగుతుంది, పూస్తుంది, కాస్తుంది, ఆపైన ఎండి నేలరాలుతుంది. మిగిలేది దుంప ఒక్కటే. అది రెండు కొమ్ములుగా చీలి, ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో ఉంటుంది. రెండు కొమ్ములూ ఒకే పొడవు ఉండాలని లేదు. మొలకెత్తే కన్ను కొమ్ము చివరనే ఉంటుంది, చాలా పెళుసు. తవ్వేటప్పుడు ఆ కొస విరిగిందంటే ఎంత లావు దుంపైనా మొలవదు. పాత దుంప తన నిల్వనంతా కొత్త తీగకు పెట్టి ముడుచుకుపోతే, ఆ తీగ ఆకులు వండిన ఆహారంతో పక్కనే కొత్త దుంప ఊరుతుంది. ఏటా జరిగే ఈ మార్పిడికి ఎవరూ కదపని నేల కావాలి. నాగలి తగలని నేల, పశువు గిట్ట పడని నేల, ట్రాక్టరు తిరగని నేల. సాగుభూముల మధ్య అలాంటి నేల ముళ్ళకంప మొదట్లోనే దొరుకుతుంది.

వాన సంగతికొస్తే, తెలంగాణ గుట్టల్లో ఈ పువ్వు ఆగస్టు, సెప్టెంబరులలోనే కనబడుతుంది. తిరువళ్ళూరు వైపు మాత్రం ఏడాది వానలో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాలది. ఆడి కృత్తికకు కావళ్ళెత్తుకుని తిరుత్తణి కొండకు జనం బారులు తీరే రోజుల్లో తీగ ఇంకా సాగుతూ ఉంటుంది. అక్టోబరు, నవంబరు వానల్లో నిండుగా పూస్తుంది. తమిళులు కార్తిగైప్పూ అన్నది అందుకే. మురుగన్‌కు ఇది ఇష్టమైన పువ్వని సంగం కాలం నుంచి చెబుతారు. ఆ కాలపు కవి కపిలర్ తన కురింజిప్పాట్టులో 99 పూల పేర్లు వరసగా చెబుతూ మొట్టమొదట కాందళ్ పేరే ఎత్తుకున్నాడు. తిరుత్తణి ఆ మురుగన్ ఆరు ప్రధాన క్షేత్రాలైన ఆరుపడైవీడుల్లో ఒకటి కాబట్టి, ఆ కొండ చుట్టుపక్కల కంచెల్లో ఈ పువ్వు విచ్చుకోవడం చూస్తే ఆ కొండకీ ఈ పువ్వుకీ మధ్య చుట్టరికం ఎంత పాతదో అనిపిస్తుంది.

పువ్వు అందం గురించి చాలామంది రాశారు కానీ, అది పనిచేసే తీరు అంతకంటే గొప్పది. మొగ్గ తలవంచుకుని వేలాడుతుంది. విచ్చేటప్పుడు ఆరు రేకలూ వెనక్కి, అంటే పైకి, తిరిగిపోతాయి. అంచులు అలలు అలలుగా ముడతలు పడి ఉంటాయి. మొదటి రోజు లేత ఆకుపచ్చ, ఆపైన పసుపు. ఆ పసుపు మొదట్లోనూ అంచుల్లోనూ నిలిచి ఉండగా కొసల నుంచి నారింజ, ఎరుపు దిగుతూ వస్తాయి. వాడిపోయే ముందు రేక మొత్తం ముదురెరుపు. ఒకే తీగ మీద ఈ రంగులన్నీ ఒకేసారి కనబడేది ఇందువల్లే. రేకలు పైకి పోవడంతో ఆరు కేసరాలు కింద బండిచక్రం ఆకుల్లా నలువైపులా చాచుకుని ఉంటాయి. మధ్యలో నిలువుగా దిగాల్సిన కీలం మాత్రం మొదట్లోనే అడ్డంగా విరిచినట్టు వంగి, ఒక పక్కకు పోయి, కేసరాలకు దూరంగా నిలబడుతుంది. సొంత పుప్పొడి తన మీద పడకుండా ఉండటానికి ఇది బాగా ఉపకరిస్తుంది.

ఈ అమరిక ఎవరికోసం? తేనె రేకల మొదట్లో ఉంటుంది. తేనెటీగ వచ్చి అక్కడ వాలితే దూరంగా చాచుకున్న కేసరాలు దానికి తగలవు. తేనె తాగి పోతుంది, పువ్వుకు ఏమీ ఒరగదు. దక్షిణాఫ్రికాలో ఈ పువ్వును పరిశీలించినవారు 2020లో ఒక చక్కటి సంగతి ప్రచురించారు. రెక్కలు ఆడిస్తూ తేనె తాగే పెద్ద సీతాకోకచిలుకల రెక్కల అడుగు భాగానికి పుప్పొడి అంటుకుంటుందనీ, పక్క పువ్వు దగ్గర అవే రెక్కలు కీలాగ్రానికి తగులుతాయనీ వాళ్ళు గమనించారు. పూలు సాధారణంగా పుప్పొడిని పురుగు ముఖానికో, వీపుకో, కాళ్ళకో పూస్తాయి. రెక్కకు పూసేవి చాలా తక్కువ. సీతాకోకచిలుకల గొంగళిపురుగులు పెరగడానికి వేరే మొక్కలు కావాలి; అవీ చాలావరకు ఇలాంటి పొదల్లోనివే. మళ్ళీ కంచె దగ్గరికే వచ్చాం.

కాయ మూడు గదులది. ఎండి పగిలితే లోపల ఎర్రటి గింజలు వరసకట్టి కనబడతాయి. వాటిని చూసి పిల్లలు ముచ్చటపడతారు, తెంపుకుంటారు. ఇక్కడ ఆగి, ఈ తీగ గురించి అందరూ తెలుసుకోవలసిన మాట చెప్పాలి.

అడవినాభి వేరు నుంచి గింజ దాకా విషం. ఆ విషం పేరు కోల్చిసిన్. 1820లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పెలెటియే, కవాంతూలు దీన్ని ఐరోపాలో పెరిగే కోల్చికం అనే మొక్క నుంచి వేరుచేశారు. అడవినాభి దుంపలో కూడా అదే ఉందని 1915లో తేలింది. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. దుంపలో కంటే గింజల్లో దీని పాళ్ళు ఎక్కువ.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకలతో కట్టిన సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటిని మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగేది ఇవే. కోల్చిసిన్ పోయి ట్యూబ్యులిన్‌కు అతుక్కుంటుంది. గొట్టం కట్టడం ఆగిపోతుంది. క్రోమోజోములు సిద్ధమై నిలబడి కూడా ఎటూ పోలేక, కణవిభజన మధ్యలో నిలిచిపోతుంది. ఎక్కువగా, త్వరత్వరగా విభజన జరిగే చోట్ల దెబ్బ మొదట పడుతుంది. పేగుల లోపలి పొర, ఎముకల్లోని మూలుగ, వెంట్రుకల కుదుళ్ళు. అందుకే ఈ దుంప తిన్నవారికి కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ గండం గడిచిందనుకునేసరికి రక్తకణాలు పడిపోతాయి, మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. బతికి బయటపడ్డవారికి వారం, రెండు వారాల తరువాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది. శ్రీలంకలో ఇలా ఒంటి మీది వెంట్రుకలన్నీ రాలిపోయిన ఒక కేసును 1966లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. దీనికి ఆసుపత్రుల్లో సిద్ధంగా దొరికే విరుగుడు మందు లేదు. ఎంత త్వరగా ఆసుపత్రికి చేరిస్తే అంత మంచిది. మిగతాది వైద్యుల పర్యవేక్షణ మీద ఆధారపడుతుంది.

గెనుసుగడ్డ అనుకుని తిన్నవారున్నారు. కాన్పు తేలిక అవుతుందని, గర్భం పోతుందని, తేలు కాటుకు మందని ఎవరో చెబితే నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. ఆత్మహత్యకు వాడినవారూ ఉన్నారు. పాతవైద్య గ్రంథాలు దుంపను శుద్ధిచేసే పద్ధతులు చెబుతాయి కానీ ఇంట్లో చేసే ఏ శుద్ధి కూడా ఎంత విషం తీసిందో, ఎంత మిగిల్చిందో చూసి చెప్పే వీలు లేదు. ఈ విషయంలో నాది గట్టి మాట: దీన్ని ఇంటి వైద్యంగా ఎవరూ, ఏ రూపంలోనూ వాడకూడదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. రసం చర్మానికి పడని వాళ్ళు కొందరు ఉంటారు.

అంతటి విషం ఈ తీగ సొంత కణాలను ఎందుకు ఆపదు? మొక్కల ట్యూబ్యులిన్ జంతువుల ట్యూబ్యులిన్ లాంటిది కాదు. కోల్చిసిన్ దానికి అంత గట్టిగా పట్టదు. మొక్కల మీద ప్రభావం చూపాలంటే మోతాదు బాగా పెంచాలి. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఇలా చేసే మొక్కల్లో క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయగలిగారు. క్రోమోజోములు రెట్టింపై, కణం మాత్రం విడిపోదు కదా. గింజల్లేని పుచ్చకాయ తయారైంది ఈ దారిలోనే. జంతువుల్లోనూ అన్నీ దీనికి లొంగవు. పాలిటెలా గ్లోరియోసే అనే రెక్కలపురుగు గొంగళి దశలో ఈ తీగ ఆకులు తిని పెరుగుతుంది. నలుపు మీద తెల్లటి, ఎర్రటి మచ్చలతో దాక్కోకుండా తిరుగుతుంది. కంచె మీది తీగకు ఆకులు లేకుండా ఈనెలు మిగిలాయంటే ఆ పురుగు వచ్చిపోయినట్టే. మందు కొట్టాల్సిన అవసరం లేదు. దుంప ఉంటే తీగ మళ్ళీ లేస్తుంది.

ప్రాణం తీసే ఈ పదార్థమే అతి తక్కువ మోతాదులో, వైద్యుల లెక్క ప్రకారం, మందు. గౌట్ అనే కీళ్ళవాపులో తెల్లరక్తకణాలు వాపు ఉన్న చోటికి పరుగెత్తకుండా ఇది ఆపుతుంది. తరతరాలుగా వాడుకలో ఉన్నా, కోల్చిసిన్ ఒక్కటే ఉన్న మాత్రకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లాంఛనంగా అనుమతి ఇచ్చింది 2009లోనే. 2023లో గుండెజబ్బు ఉన్నవారికి అర మిల్లీగ్రాము మోతాదులో వాడటానికి మరో అనుమతి వచ్చింది. ఈ గిరాకీ వల్లే తమిళనాడులో అడవినాభి పంట అయింది. తిరుప్పూరు జిల్లా మూలనూరు, ధారాపురం, దిండిగల్ జిల్లా ఒట్టన్‌చత్రం, తీరాన వేదారణ్యం ప్రాంతాల్లో రైతులు దీన్ని గింజ కోసం వేస్తారు. పువ్వు పూసే రోజుల్లో ప్రతి ఉదయం కూలీలు చాళ్ళలో తిరుగుతూ ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వు కీలాగ్రానికి చేత్తో అద్దుతారు. సీతాకోకచిలుకల పని మనుషులు చేయాల్సి వస్తోందన్నమాట. విషపు గింజలను ఒలిచి ఎండబెట్టే ఆ చేతులకు తొడుగులు అందరికీ ఉండాలని మాత్రం గట్టిగా అడగాలి.

ఈ పంటలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది పందిరి. ఇప్పుడు చాలామంది ఇనుపతీగలు లాగుతున్నారు. పడమటి తమిళనాట కొంగునాడు రైతులకు మాత్రం ముళ్‌కిళువై అనే ముళ్ళపొద ఉంది. గుగ్గులు చెట్టుకు దగ్గరి చుట్టం. కొమ్మ విరిచి పాతితే వేరుపట్టే ఈ పొదను అక్కడ తరతరాలుగా పొలం గట్ల మీద కంచెగా నాటారు. అడవినాభిని పంటగా దించినప్పుడు దాన్నే తీగకు ఆసరాగా వాడారు. తీగకు ఏం కావాలో ఆ రైతులు చదువుకుని తెలుసుకోలేదు. కంచె మీద చూసి తెలుసుకున్నారు.

కంచెల చరిత్ర మన వైపు ఎవరూ సరిగా రాయలేదని నా బాధ. 1856లో మద్రాసు రాజధానికి మొదటి అటవీ సంరక్షకుడైన హ్యూ క్లెగార్న్ అంతకు ముందే, 1850లో, భారతదేశపు కంచె మొక్కల మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. ఏ నేలకు ఏ కంచె అని ఆలోచించిన మనిషి ఆయన. ఆ కాలంలో బాగా వాడుకలో ఉన్న నాగజెముడు కంచెలు 1920ల్లో వదిలిన ఒక పిండిపురుగు దెబ్బకు దక్షిణాదిలో చాలావరకు మాయమయ్యాయి. ఇక సర్కారు తుమ్మ. దాన్ని 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. అక్కడి నుంచి తెలుగు, తమిళ మెట్ట ప్రాంతాలంతా పాకి, పాత కంచెల చోటు ఆక్రమించింది. తమిళనాడులో దాన్ని తీసివేయమని హైకోర్టు ఆదేశాలు వచ్చాయి. తీయవలసిందే. కానీ జేసీబీతో ఒక చెరువుకట్టను గీకినప్పుడు, తుమ్మతోపాటు దాని చాటున బతుకుతున్న బలుసు, కలివి, పరికి కూడా పోతాయి, వాటి మొదట్లోని దుంపలు మట్టితో లేచిపోతాయి. కొస విరిగిన దుంప మొలవదని పైన చెప్పుకున్నాం.

మణవాళనగర్ చుట్టూ జరుగుతున్నది ఇంకా తేలికగా అర్థమవుతుంది. పొలం లేఅవుట్ అయిన రోజు మొదట పోయేది గట్టు మీది కంప. దాని చోట రాతి కడ్డీలు, ఆపైన ప్రహరీ. ప్రపంచం మొత్తం మీద చూస్తే అడవినాభి అంతరించే ప్రమాదంలో లేదు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో తోటల నుంచి తప్పించుకుని ఇసుక దిబ్బల మీద కలుపై కూర్చుంది కూడా. అంతటి మొండి మొక్క సొంత ఊళ్ళో కనబడకుండా పోతోందంటే తప్పు వాతావరణానిదీ, వానదీ కాదు. మనం బీడు అని రాసుకున్న చోటు దానికి ఇల్లు. రెవెన్యూ లెక్కల్లో కంచెకు విలువ లేదు, అటవీ లెక్కల్లో పొదకు చెట్టంత విలువ లేదు. ఈ రెండు పుస్తకాల మధ్య పడి ఈ తీగ నలిగిపోతోంది. మందుల కోసం అడవి దుంపలు తవ్వి అమ్మడం దీనికి తోడు. పంట వేసేవాళ్ళకు విత్తనపు దుంప కావాలి, అది చవగ్గా దొరికేది గుట్టల మీదే.

ఈ కంపల్లో ఏ మొక్క ఎక్కడుందో బాగా తెలిసినవాళ్ళు తిరువళ్ళూరు జిల్లాలో ఇరుళర్లు, సరిహద్దు అవతల సత్యవేడు, శ్రీహరికోట వైపు యానాదులు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికీ సత్యవేడు ఆంధ్రకూ మారినప్పుడు ఈ కుటుంబాలు రెండు ప్రభుత్వాల కింద పడ్డాయి కానీ, వాళ్ళు తిరిగే గుట్టలు అవే. ఏ చెరువుకట్టనైనా శుభ్రం చేసే ముందు వాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని నడిస్తే, ఏ పొదను వదలాలో, ఏ దుంపను జాగ్రత్తగా తీసి పక్కకు నాటాలో ఒక పూటలో తెలిసిపోతుంది. పంచాయతీలకు ఇది పెద్ద ఖర్చు కాదు. తుమ్మను కోతకు పెట్టి, పాత పొదలకు గుర్తులు కట్టి వదిలేస్తే చాలు.

పల్లెలో కాస్త చోటున్నవారు ప్రహరీకి లోపలివైపు బలుసు, కలివి వరస వేసుకోవచ్చు. రెండు మూడు వానలకు అది అల్లుకుంటుంది. అప్పుడు దాని మొదట్లో అడవినాభి గింజలు వేయాలి. గుట్ట మీద తవ్వుకొచ్చిన దుంప వద్దు. గింజ నుంచి వచ్చిన మొక్క పూయడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఆగాలి. చిన్నపిల్లలు, మేకలు తిరిగే చోట అసలు నాటవద్దు. గింజలు వేసిన చోట నీరు నిలవకూడదు, వేసవిలో తడపకూడదు. మార్చి తరువాత పైన ఏమీ కనబడకపోయినా ఆ నేలను పారతో కదపకూడదు.